కవిలె కట్ట

చిన్నా,

ఫోను ఉన్నట్టుండి పాడయి పాప పుట్టినప్పటి ఫొటోలన్నీ పోయాయని నువ్వు బాధపడుతుంటే నాకప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఇంకెక్కడా కాపీ లేదన్నావు. ఫోన్లో తెగే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

మనది ఊరి లెక్కలు రాసే కరణాల ఇల్లని నీకు తెలుసు. 1984లో కరణీకాలు రద్దయ్యాక అడంగళ్లూ లెక్కల పుస్తకాలూ మీ తాతగారు అప్పగించేశారు. ఇంటి భోషాణంలో మిగిలినవి ఊరి లెక్కలూ సంగతులూ రాసిన పాత తాటాకుల కట్ట, అదే కవిలె కట్ట, ఒకటి, తాతగారు సిరాతో రాసుకున్న పుస్తకాలు కొన్ని. 1986 ఆగస్టులో గోదారొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మన లంకలో ఇళ్లన్నీ మునిగాయి. నేను అప్పటికి కొత్తగా కాపురానికొచ్చాను. నీళ్లు దిగాక భోషాణం తెరిస్తే పుస్తకాల్లో సిరా అంతా కరిగి నీలం ముద్దయిపోయింది. ఒక్క పేజీ కూడా చదవడానికి మిగల్లేదు. కవిలెకి బురద పట్టిందంతే. మీ మామ్మగారు ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడిచి, నీడపట్టున ఆరబెట్టి, దీపం మసిలో నూనె కలిపి ఆకంతా రుద్ది, పైపైన తుడిచేశారు. గంటం, అదే రాసే ఇనప మొన, గీసిన గాట్లలో మసి నిలబడి అక్షరాలు తేలాయి. పక్కనే కూర్చుని కళ్లారా చూశాను. తాటాకు మీద రాత సిరా కాదు, గాటు. మసి పోతే మళ్లీ రుద్దుకోవచ్చు.

అలాగని తాటాకు చిరకాలం ఉంటుందనుకోకు. మన తేమకి బూజు, చెదలు, పురుగు. ఎంత జాగ్రత్తగా దాచినా కొన్ని వందల ఏళ్లు, అంతే. అందుకే పాత ఆకు పొడి కాకముందే ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీదకి ఎక్కించేవారు. నన్నయగారు 11వ శతాబ్దంలో మన రాజమహేంద్రవరంలో భారతం రాశారు. ఆయన చేత్తో రాసిన ఆకు ఇవాళ ఒక్కటీ లేదు. మనం చదువుకుంటున్నది నకలుకి నకలు, దానికి నకలు. ఆ రాయసగాళ్లలో ఎక్కువమంది పేర్లు కూడా మనకి తెలియవు. తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

రాయి సంగతి వేరు. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుళ్లో వందల శాసనాలున్నాయి, నీ చిన్నప్పుడు చూపించాను. కానీ రాయి మీద చెక్కించుకోగలిగేది ఎవరు? రాజులు, కలిగినవాళ్లు. అఖండ దీపానికి ఎవరు ఎన్ని గొర్రెలిచ్చారో ఉంటుంది గానీ ఆ గొర్రెల్ని కాసినవాడి గోడు ఉండదు.

ఊళ్ల సంగతులు కొంతైనా దొరికేది కరణాల కవిలెల్లోనే. 1800 ప్రాంతంలో కుంపిణీవాళ్ల సర్వేలు చేసిన మెకంజీ దొర దగ్గర పనిచేసిన మన ఏలూరు కావలి బొర్రయ్యగారు ఊళ్ల చరిత్రలు సేకరించే పని మొదలుపెట్టారు. చిన్న వయసులోనే 1803లో పోతే తమ్ముడు లక్ష్మయ్యగారు ఆ పని అందుకున్నారు. కరణాలనడిగి, వాళ్ల కవిలెలు చూసి రాయించినవే కైఫీయతులు. ఆ కాగితాలూ పాడవుతుంటే తర్వాత తెలుగు నిఘంటువు రాసిన బ్రౌను దొర మళ్లీ నకళ్లు తీయించాడు. అసలు కవిలెలు చాలామటుకు పోయాయి. ఏ ఊళ్లో ఏ చెరువు ఎవరు తవ్వించారో ఇవాళ చెప్పుకుంటున్నామంటే ఆ నకళ్ల వల్లే.

అచ్చు వచ్చాక ఆ టెన్షన్ తగ్గింది. 1874లో వీరేశలింగంగారు వివేకవర్ధని పత్రిక పెట్టారు. అచ్చయిన పత్రిక ఒక ఇంట్లో చెదలు తిన్నా ఇంకో ఊళ్లో ఇంకోటి ఉంటుంది. కొనలేనివాళ్లకి రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం వెలిసింది. అటు కృష్ణా కాలవలో 1935లో పుస్తకాల పడవే నడిపారు! గట్టున పడవ ఆగితే జనం పుస్తకాలు పట్టుకెళ్లేవారట.

నీ ఫొటోల విషయానికొస్తే, నువ్వు దాచుకున్నవి పోయాయి గానీ నలుగురికీ పంపినవి ఉన్నాయిరా. బారసాలవీ, బోర్లా పడినప్పటివీ నా వాట్సాప్‌లో, మీ అత్తయ్య వాట్సాప్‌లో దొరికాయి. ఏరి ఒకచోట పెడుతున్నాను. ఈసారి రెండు మూడు చోట్ల ఉంచు.

నాకింకో పని చేసిపెట్టాలి. సంక్రాంతికి వచ్చేటప్పుడు మంచి కెమెరా పట్టుకురా. కవిలె ఆకులన్నీ రెండు వైపులా ఫొటోలు తియ్యాలి. ఆ పాత కరణాల రాత చదవడం ఇప్పుడు మన ఇంట్లో మీ పెదనాన్నగారికి ఒక్కరికే వచ్చు. నేనూ నేర్చుకోవాలని చూశాను, కూడబలుక్కుని నాలుగు మాటలు చదవగలను, అంతే. ఉత్త ఫొటోలు తీసి ఊరుకుంటే రేపు పాపకి అవి గీతల్లానే కనిపిస్తాయి. ఆయన చదువుతుంటే నువ్వు రికార్డు చెయ్యి, నేను పక్కన కాగితం మీద ఎక్కిస్తాను. ఆయనకి చూపు తగ్గుతోంది, పొద్దుటిపూట వెలుతుర్లో అయితేనే చదవగలరు. పండగ హడావిడి మొదలైతే కుదరదు, సెలవు చూసుకుని భోగికి ముందే బయల్దేరండి.

మీ అమ్మ