మీ యాప్ చూపించిన కొండదారి గురించి ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం వారికి,

విషయం: అడవి గుట్ట మీద లేని కాలిబాటను ఉన్నట్టు చూపించడం, నడక సమయాన్ని తక్కువగా లెక్కకట్టడం

ఆర్యా,

మీ ట్రెక్కింగ్ మ్యాప్ యాప్‌ను సబ్‌స్క్రిప్షన్ కట్టి వాడుతున్నాను. పెద్దగా ఎవరూ ఎక్కని అడవి గుట్టలంటే నాకు ఇష్టం. అలాంటి చోట బోర్డులు ఉండవు, రాళ్ల మీద రంగు గుర్తులు ఉండవు, అడుగుదామంటే మనిషి కనపడడు. మ్యాపే దిక్కు.

కిందటి నెల మా చెల్లెలితో కలిసి అలాంటి గుట్టే ఒకటి ఎక్కాను. ఇటు ఎక్కి అటు దిగే దారి మొత్తం మీ యాప్‌లో ఒకే ఎర్ర గీత. ఎక్కడం హాయిగానే సాగింది. దిగేటప్పుడు సగం దూరంలో కాలిబాట ముళ్లపొదల్లో కలిసిపోయింది. గీత మాత్రం ముందుకే పోతోంది. దాని వెంట వెళ్తే ఎండుటాకులు కప్పేసిన బండ అంచు వచ్చింది. చెల్లెలు కర్రతో ఆకులు పక్కకు నెడితే గానీ అక్కడ నేల అయిపోయిందని తెలియలేదు. కింద నిట్టనిలువు చరియ. మళ్లీ పైకెక్కి, వచ్చిన దారినే దిగేసరికి చీకటి పడింది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇంటికొచ్చి ఆ చోటును జూమ్ చేసి చూశాను. గీత రంపపు పళ్లలా ఉంది, ఒకచోట గుండ్రంగా తిరిగి తన మీదుగానే వెళ్లింది. దట్టమైన చెట్ల కింద ఉపగ్రహ సిగ్నల్ బలహీనపడుతుంది, బండలకు తగిలి వంకరగా వస్తుంది, ఫోన్‌లో మనమున్న చోటును చూపే చుక్క అటూ ఇటూ జరుగుతుంది. అది మీ తప్పు కాదు. కానీ ఎవరో దారి తప్పి వెతుక్కుంటుంటే ఫోన్‌లో నమోదైన జాడను దారిగా గీయడం మీ తప్పే.

సమయం సంగతీ అంతే. 8 కిలోమీటర్ల నడకకు, 600 మీటర్ల ఎక్కుడుకు కలిపి యాప్ గంటా 36 నిమిషాలు చూపించింది. అంటే గంటకు 5 కిలోమీటర్ల లెక్క, ఎత్తు ఊసే లేదు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట కలపమన్నాడు. ఆ లెక్కన రెండు గంటల 36 నిమిషాలు. అదీ మంచి బాట ఉంటేనే. పొద్దువాలే లోపు దిగిపోవాలనుకునే వాళ్లకు ఆ గంట చాలా పెద్దది.

మీ సపోర్ట్ వాళ్లకు రాస్తే, దారులు యూజర్లు ఇచ్చినవనీ కంపెనీకి బాధ్యత లేదనీ రెడీమేడ్ జవాబు వచ్చింది. జాడ యూజర్‌దే కావచ్చు, దాన్ని గీతగా మార్చి అమ్మింది మీరు. పేరున్న కొండ మీద వందల జాడలు ఒకదాని మీద ఒకటి పడి తప్పులు సర్దుకుంటాయి. మారుమూల గుట్ట మీద ఉండేది ఒక్క జాడే. రెండింటినీ ఒకే రంగులో, ఒకే మందంలో చూపిస్తే చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు కూడా కాపాడవు. 20 మీటర్ల ఎత్తుకు ఒకటి గీస్తే 15 మీటర్ల చరియ రెండు గీతల మధ్యే దాగిపోవచ్చు. అందుకే దారి గీత నమ్మదగ్గదిగా ఉండి తీరాలి.

ముందుగా ఆ దిగుడు దారిని వెంటనే తీసేయండి, ఇంకెవరైనా ఆ అంచు దాకా వెళ్లకముందే. ఒకరిద్దరి జాడలతో గీసిన దారులను చుక్కల గీతగా మార్చి, చివరిసారి ఎవరైనా ఏ నెలలో నడిచారో పక్కనే చూపించండి. పేరు అక్కర్లేదు, నెల చాలు. సమయం లెక్కలో ఎత్తు కలపండి. నా సబ్‌స్క్రిప్షన్‌లో మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇవ్వండి. దీనికి మనిషి రాసిన జవాబు కావాలి.

స్క్రీన్‌షాట్లు, మా ట్రాక్ ఫైలు, చరియ అంచు ఫొటో జతచేశాను.

ఇట్లు,
మీ సబ్‌స్క్రైబర్