మ్యాప్ పాయింటింగ్‌లో ఊళ్లున్నాయి, మనుషులేరీ?

సంపాదకుడు గారికి,

మా మనవరాలు మొన్న సోషల్ పరీక్ష ముందురోజు తూర్పు రాష్ట్రాలు, రాజధానులు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. 'మరి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో అంతమంది తెలుగువాళ్లు ఎందుకున్నారే?' అని అడిగాను. 'అది సిలబస్‌లో లేదు తాతయ్యా' అంది.

నిజమే, లేదు. ఖరగ్‌పూర్ అంటే మన పిల్లలకు 'అత్యంత పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కడుంది?' అనే బిట్టుకు ఒకప్పటి జవాబు. గోరఖ్‌పూర్, ఆ తర్వాత 2023లో హుబ్బళ్లి వచ్చి ఆ జవాబు కూడా రెండుసార్లు మారిపోయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాప్ పనికని వెళ్లి అక్కడే స్థిరపడ్డ మనవాళ్ల సంతతి ఇప్పటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుతోంది. దానికి అర మార్కు లేదు.

అంత దూరం కూడా అక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా దాటితే ఒడిశాలోని మల్కాన్‌గిరి. అక్కడ కొన్ని ఊళ్లకు పేర్లుండవు, నంబర్లే. ఎంవీ-79 అంటే మల్కాన్‌గిరి విలేజ్ 79 అన్నమాట. దేశ విభజనతో తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లను 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద ఆ అడవుల్లో దింపారు. అడవి కొట్టి ఊళ్లు వేసి, వరసగా నంబర్లిచ్చారు. అప్పటికే అక్కడున్న కోయలు, ఇతర ఆదివాసీల మాటేమిటన్నది ఇంకో పెద్ద పాఠం. మ్యాపులో ఆ ఒక్క నంబరు చూపిస్తే చాలు, 'ఊరికి నంబరేంటి?' అని పిల్లలే అడుగుతారు. పాఠం అక్కడ మొదలుపెట్టొచ్చు కదా! అసలు ఆ ప్రాంతమంతా 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదని ఎంతమంది పిల్లలకు తెలుసు?

జంషెడ్‌పూర్‌దీ అదే కథ. ఖనిజాలు ఒక పాఠంలో, నదులు ఇంకో పాఠంలో, నగరాలు మరో పాఠంలో చెబుతారు. చుట్టుపక్కల ఇనుప ఖనిజం, బొగ్గు, పక్కనే సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీళ్లు ఉండబట్టే సాక్చి అనే పల్లె ఉక్కు నగరమైంది. మూడూ ఒకే పేజీలో పెడితే బట్టీ కొట్టే పనుండదు.

పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాలు తయారుచేసే అధికారులను కోరేది ఒక్కటే. అసలే పదో తరగతి టెన్షన్, కొత్త పాఠాలు పెట్టమనడం లేదు. మ్యాప్ పాయింటింగ్‌లో గుర్తించమనే ఊళ్లలో ఒక్కదానికైనా 'ఇక్కడికి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు?' అని రెండు మార్కుల ప్రశ్న ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు