తల్లి పుట్టింటి ఇంటిపేరుకీ ఒక గడి ఉండాలి

సంపాదకులకు నమస్కారం,

పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మారడం గురించి ఎప్పుడు మాట వచ్చినా, తెల్లవాళ్ళలోనూ అంతేగా అని ఎవరో ఒకరు తేల్చేస్తుంటారు. ఇంగ్లండు వరకూ అయితే సరే. స్కాట్లాండ్ పాత రికార్డులు చూస్తే సంగతి వేరుగా ఉంది.

అక్కడి చర్చి రిజిస్టర్లలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ అనే ఊరిది, 1553 నుంచి ఉంది. పెళ్ళి నమోదులో పెళ్ళికూతురికి పుట్టింటి పేరు ఉండటం వింతేమీ కాదు, కానీ ఆ తర్వాత ఆవిడ బిడ్డకి బాప్తిస్మం ఇప్పించినప్పుడూ, వీలునామా రాసినప్పుడూ, చివరికి చాలా సమాధిరాళ్ళ మీదా అదే పేరు. జాన్ స్మిత్ అనే అతన్ని చేసుకున్న జానెట్ బ్రౌన్ పోయేదాకా జానెట్ బ్రౌనే, పక్కన ఫలానా వాడి భార్య అని రాసేవారు, అంతే. కోర్టు కాగితాల్లో అయితే 'బ్రౌన్ లేక స్మిత్' అని రెండూ పెట్టేవారు. అన్ని ఊళ్ళూ ఒకలా లేవనుకోండి. రాసేవాడికి బద్ధకమైతే బాప్తిస్మం పుస్తకంలో తండ్రి పేరొక్కటే రాసి ఊరుకున్న చోట్లున్నాయి, మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుని ఒకచోట పుట్టింటి పేరుతో, ఇంకోచోట పోయిన భర్త పేరుతో రాసినవీ ఉన్నాయి. 1841 నుంచి జనాభా లెక్కల వాళ్ళొచ్చి ఎక్కువగా భర్త ఇంటిపేరే రాసుకుపోవడంతో ఒకే మనిషి రెండు కాగితాల్లో ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది 1855లో ప్రభుత్వం చేసిన పని. జనన, మరణ, వివాహ నమోదు చర్చి చేతుల్లోంచి తీసుకుని, పెళ్ళి నమోదులో వధూవరులిద్దరి తల్లుల పేర్లూ, వాళ్ళ పుట్టింటి పేర్లతో సహా, ఫారంలోనే అడిగారు. పక్కనే ఉన్న ఇంగ్లండులో 1837 నుంచి పెళ్ళి సర్టిఫికెట్ మీద తండ్రుల పేర్లే, తల్లుల పేర్లకి 2021 మే దాకా చోటే లేదు! స్కాట్లాండ్‌లో మరణాల సూచికలో పెళ్ళైన ఆడవాళ్ళని రెండు ఇంటిపేర్ల కిందా వెతకొచ్చు, అందుకే ఇవాళ వంశవృక్షం వెతుక్కునేవాళ్ళకి అమ్మమ్మ వైపు కూడా దారి దొరుకుతుంది. అలాగని అక్కడ ఆడవాళ్ళ బతుకు బంగారమని అనను, 1881 చట్టం వచ్చేదాకా భార్య చరాస్తి చాలావరకు మొగుడిదే.

మన విషయానికొస్తే, జనన ధ్రువపత్రంలో తల్లి పేరుకి చోటుంది, ఆవిడ పుట్టింటి ఇంటిపేరుకి వేరే గడి లేదు. ఆసుపత్రిలో ఆ హడావుడిలో ఏది చెబితే అది ఎక్కుతుంది. ఒకరు ఆధార్‌లో ఉన్నది చెబుతారు, ఒకరు పెళ్ళయ్యాక మారింది చెబుతారు, తల్లి టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోటి ఉంటుంది, తర్వాత పాస్‌పోర్ట్ దగ్గర టెన్షన్ మొదలు. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీకీ ఊరికీ ఈ జనన ధ్రువపత్రమే ఆధారం, బడిలో చేర్చడం దగ్గర్నుంచి. ఇంత బరువు దాని మీద పెట్టినప్పుడు తల్లి పుట్టింటి పేరు రాయడానికి ఇంత చోటివ్వలేమా? మా ఇంట్లో మా ముత్తమ్మమ్మ పుట్టింటి పేరు చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, ఏ కాగితంలోనూ అది లేదు.

పెళ్ళైన ఆడమనిషి భర్త ఇంటిపేరు పెట్టుకుందా లేదా అన్నది ఆవిడ ఇష్టం, నేను దాని జోలికి పోవడం లేదు. నేనడిగేది జనన నమోదులోనూ పెళ్ళి నమోదులోనూ ఒక్క గడి. మరీ ఎక్కువ అడిగినా లాభం లేదు, స్కాట్లాండ్‌లో 1855 జనన ఫారంలో తల్లిదండ్రుల వయసులు, పుట్టిన ఊళ్ళు, మిగతా పిల్లల వివరాలు అన్నీ అడిగేసరికి రాయలేక మరుసటి ఏడాదే చాలా వరకు తీసేశారు. పుట్టింటి పేరు మాత్రం తీయలేదు. జనన నమోదులో ఈ మార్పుకి ముందుగా కేంద్రం నమూనా ఫారం మార్చాలి, దాన్ని అడగాల్సింది మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు.

— ఒక పాఠకురాలు, కాకినాడ