ఇంట్లో బాగుచేసుకున్న పాత కారును పరిశీలించేదెవరు?

సంపాదకులకు,

ఆర్యా,

వరి కోతలు మొదలైతే వరంగల్, జనగామ, హుజూరాబాద్ దారుల మీద చిన్నపాటి ప్రమాదాలు ఎక్కువవుతాయి. సగం రోడ్డును కల్లంగా మార్చి, ఆరబోసిన ధాన్యం చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి వదిలేయడం, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ కూడా లేని ట్రాక్టర్ ట్రాలీలు చీకట్లో సాగిపోవడం ఇక్కడివారికి తెలిసినదే. ప్రాణాలు పోయిన ప్రమాదాలు వార్తలవుతాయి. మనుషులకు దెబ్బ తగలక కారు ముందు భాగం మాత్రమే నలిగిన ప్రమాదాలను ఎవరూ పట్టించుకోరు. ఆ కార్లు ఆ తరువాత ఎలా బాగుపడి మళ్లీ రోడ్డెక్కుతున్నాయో పాఠకుల, అధికారుల దృష్టికి తేవడానికే ఈ లేఖ.

పదిహేనేళ్ల కిందటి మారుతి 800నో ఆల్టోనో నడుపుతున్న చిరుద్యోగికి, రైతుకు సాధారణంగా ఉండేది ఎదుటివారికి జరిగిన నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీ బీమా ఒక్కటే. చట్టం తప్పనిసరి చేసిందీ అదే. సొంత కారుకు జరిగిన నష్టానికి దాని కింద పైసా రాదు. పూర్తి బీమా ఉన్నవారికైనా సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం, పదేళ్లు దాటిన కారైతే ఇనుప భాగాల ధరలో కూడా సగం తరుగుదల కింద కోసేస్తారు. దానికి తోడు క్లెయిమ్ చేసినందుకు అంతవరకు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుంది. ఇక మిగిలిన దారి ఇంటి ముందు చెట్టు నీడలో కారు నిలిపి, తెలిసిన మెకానిక్‌ను పిలిచో, తామే పానాలు పట్టుకునో బాగుచేసుకోవడం. దీన్ని పిసినారితనమని ఎగతాళి చేసేవారితో నేను ఏకీభవించను.

పైగా ఈ పనిలో చాలా భాగం ఇంట్లో నిక్షేపంగా చేసుకోదగినదే. 1983 నుంచి 2014 వరకు తయారైన మారుతి 800 వంటి కార్ల నిర్మాణం సరళమైనది. బానెట్, ముందు ఫెండర్లు, బంపర్ బోల్టులతో బిగించినవి కాబట్టి తుక్కు దుకాణంలో అదే మోడల్‌వి, అదృష్టముంటే అదే రంగువి, దొరికితే మార్చుకోవడం కష్టమేమీ కాదు. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. సొట్టపడిన ప్లాస్టిక్ బంపర్ మీద బాగా వేడి నీళ్లు పోసి లోపలి నుంచి నెడితే చాలావరకు తిరిగి ఆకారానికి వస్తుంది. రేకు సొట్టను వెనుక నుంచి డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి సుత్తితో కొద్దికొద్దిగా తట్టి లేపాలే తప్ప, గుంతనంతా పుట్టీతో నింపకూడదు; మందంగా పెట్టిన పుట్టీ రెండు ఎండాకాలాలు తిరిగేలోపే పగిలి, దాని కింద తుప్పు పాకుతుంది. ముసురు పట్టిన రోజుల్లో రంగు వేస్తే తేమకు తెల్లబారుతుంది. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెండు డబ్బాల పీయూ (పాలీయురేథేన్) రంగును మాత్రం ఇంటి దగ్గర స్ప్రే చేయవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ముఖానికి చుట్టుకున్న రుమాలు వాటిని ఆపలేదు.

రంగు కంటే ముందు చూడవలసింది రేడియేటర్. దెబ్బకు అది వెనక్కి జరిగి ఫ్యాన్ రెక్కలకు తగులుతున్నదా, కూలెంట్ చెమ్మ కనబడుతున్నదా అని చూడకుండా వరంగల్ నుంచి హైదరాబాద్ దాకా నడిపితే, ఇంజిన్ వేడెక్కి, దాని పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి, సొట్టలు తీయించిన ఖర్చుకు ఎన్నో రెట్లు వదులుతుంది. బానెట్ తాళం సరిగ్గా పడకపోతే తీగతో కట్టి తిరిగేవారు కూడా కనిపిస్తారు; జాతీయ రహదారి వేగానికి ఆ తీగ తెగితే బానెట్ లేచి ముందు అద్దాన్ని కప్పేస్తుంది.

అసలు భయం పైరేకు గురించి కాదు. బొలేరో, సుమో వంటి బండ్లకు కింద వేరే ఇనుప చట్రం (ఛాసిస్) ఉంటుంది. చిన్న కార్లకు అలాంటిది ఉండదు. ఒళ్లంతా కలిసే అస్థిపంజరంలా బరువును, దెబ్బను మోస్తుంది. అందులో ఇంజిన్‌కు ఇరుపక్కలా ఉండే పొడవాటి పెట్టె కడ్డీలు వంగితే, గొలుసు ఒక కొన కారుకు, మరొక కొన వేపచెట్టుకు కట్టి రివర్స్ గేరులో లాగే పద్ధతి మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. చూసేవారికి అది వినోదమే. గొలుసు తెగితే అది ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం, తెగకపోయినా కడ్డీ ఎంత వంగిందో, ఎంత తిరిగి వచ్చిందో కొలవకుండా లాగిన కారు నిటారుగా కనబడుతూనే ఒక పక్కకు గుంజుతుంది, టైర్లను ఒకవైపే తినేస్తుంది.

కొలవడానికి ఖరీదైన యంత్రమే అక్కరలేదు. ఇంజిన్ గదిలో ఎడమ షాక్ అబ్జార్బర్ పైకొస బోల్టు నుంచి కుడివైపు ముందు మూలకు, కుడి బోల్టు నుంచి ఎడమ మూలకు టేపుతో కొలిచి చూడాలి. స్టీరింగ్ నేరుగా ఉంచి, ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనుక చక్రం నడిబొడ్డు వరకు రెండు పక్కలా కొలవాలి. కొన్ని మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ఆ కారు పని ఇంటి పని కాదు, ఫ్రేమును సరిచేసే బెంచి ఉన్న వర్క్‌షాపు పని. అలాగే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్, బ్రేకు గొట్టాలు, గట్టి దెబ్బకు సాగిన సీటు బెల్టులు తుక్కు దుకాణంలో కొనేవి కావు. 2019 జూలై నుంచి తయారైన ప్రతి కారులోనూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అది పొరపాటున పేలే ప్రమాదం ఉంది కాబట్టి ఆ తరువాతి కార్ల ముందు భాగాన్ని ఇంట్లో విప్పే సాహసం ఎవరూ చేయకూడదు.

ఇక్కడే వ్యవస్థలో ఒక ఖాళీ ఉంది. ప్రమాదంపై పోలీసు కేసు నమోదైతే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ కారును చూస్తారు. అయితే ఆయన తేల్చేది ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అన్నది మాత్రమే, అదీ మరమ్మతుకు ముందే. బాగుచేసిన తరువాత చూసే నాథుడు లేడు. ఎనిమిదేళ్లు దాటిన ట్యాక్సీ ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు పోవాలి కానీ, సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తరువాత పునరుద్ధరించిన ప్రతిసారీ ఐదేళ్లు చెల్లుతుంది. ఈ మధ్యకాలంలో వంకర ఒంటితో ఆ కారు పిల్లలను బడికి, ముసలివారిని వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతూనే ఉంటుంది.

మరమ్మతు తరువాతి పరీక్షను నిర్బంధం చేయమని నేను కోరడం లేదు. అలా చేస్తే జనం ప్రమాదాన్నే దాచిపెడతారు. మోటార్ మెకానిక్ ట్రేడ్ నేర్పే ప్రభుత్వ ఐటీఐలలో నెలకొక రోజు, ఇంట్లో బాగుచేసుకున్న కార్ల కొలతలు, వీల్ అలైన్‌మెంట్, బ్రేకులు, హెడ్‌లైట్ల కోణం నామమాత్రపు రుసుముతో పరీక్షించి, దోషాలు రాసి ఇచ్చే ఏర్పాటు చేయాలని రవాణా శాఖను, ఉపాధి శిక్షణ శాఖను కోరుతున్నాను. శిక్షణలో ఉన్న విద్యార్థులకు నిజమైన దెబ్బలు తిన్న కార్లు చేతికందుతాయి. నా అనుభవంలో, తరగతి గదిలో ఏళ్ల తరబడి ఉండిపోయిన ఒకే ఇంజిన్‌ను విప్పి బిగించడం కంటే వారికి అది ఎక్కువ నేర్పుతుంది. ఆ కాగితం ఆధారంగా యజమానిపై జరిమానా గానీ, కేసు గానీ ఉండదని ముందే ప్రకటిస్తేనే కార్లు వస్తాయి.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
హనుమకొండ