మొక్కకు కుండీ ఉంది, టేకు చేపకు ఏముంది?

అయ్యా,

అంతరించిపోయే జీవుల్ని కాపాడటమంటే మన దగ్గర మొక్క నాటి ఫొటో దిగడమే అయిపోయింది. చెట్టు విషయంలో ఆ పద్ధతి కొంతవరకు పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి 200 కిలోమీటర్ల లోపే ఒక లోయలో 1994లో వొలెమీ పైన్ అనే చెట్టు బయటపడింది. అడవిలో ఎదిగినవి వంద కూడా లేవు. అక్కడి ప్రభుత్వం ఆ చోటు ఎక్కడో చెప్పకుండా దాచింది, మొక్కలు పెంచి ప్రపంచమంతా అమ్మించింది. 2019-20 కార్చిచ్చులో హెలికాప్టర్ల నుంచి సిబ్బందిని దించి మరీ నీళ్లు పెట్టించింది. డిసెంబరులో మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని కొనే అరకేరియా కూడా ఆ కుటుంబానిదే.

మన జాలర్లు టేకు అనే స్టింగ్‌రే (తోకలో ముల్లుండే బల్లపరుపు సముద్రపు చేప) సంగతి వేరు. శీలావతి లక్షల గుడ్లు పెడుతుంది కాబట్టి కైకలూరు చెరువులకు సీడ్ (పెంచే చేపపిల్లలు) ఎంత కావాలంటే అంత దొరుకుతోంది. టేకు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది, అదీ ఈతకు కొన్నే. ట్రాలు వల సముద్రం అడుగు ఊడ్చుకుంటూ పోతే తల్లీ పిల్లా కలిసే వస్తాయి. జావా స్టింగరీ అనే రకం 1862లో జకార్తా చేపల మార్కెట్లో దొరికిన ఒకే ఒక్క నమూనాతో లోకానికి తెలిసింది. 2023లో అది అంతరించిందని ప్రకటించారు. మనిషి వల్ల అంతరించిందని తేలిన మొదటి సముద్రపు చేప అదే.

మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో లోటేం లేదు. ఒళ్లంతా ముళ్లుండే పోర్క్యుపైన్ రేను, గంగా స్టింగ్‌రేను 2001లోనే పులి ఉన్న షెడ్యూల్-1లో చేర్చారు. కానీ తోక తీసేసి ముక్కలు కొట్టి పెట్టాక అది ఏ రకమో అమ్మేవాళ్లకే తెలియదు. పండుగప్ప, కొరమేను దగ్గర మొప్పలెత్తి చూసి బేరమాడే మన తెలివి టేకు దగ్గర పనిచేయదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధమని మత్స్యశాఖ ప్రచారం చేస్తుంది. ఆ కరపత్రం వెనకే ఈ రకాల రంగుల బొమ్మలు వేసి నిజాంపట్నం హార్బర్లో, గుంటూరు, విజయవాడ చేపల మార్కెట్లలో అంటిస్తే పెద్ద ఖర్చేం కాదు. ఇంకో మాట. ఇలాంటి రక్షిత చేప పడితే వల కోసి వదిలేయమనడం తేలికే, ఆ వల డబ్బులు ఎవరిస్తారు? మహారాష్ట్రలో ఇలా రక్షిత జీవుల్ని వదిలిన మత్స్యకారులకు రూ.25 వేల వరకు పరిహారమిచ్చే పథకం 2018లో పెట్టారు. అలాంటిదేమీ లేకుండా కేసులంటే ఎవరూ నిజం చెప్పరు. వచ్చే నిషేధం మొదలయ్యేలోపే మత్స్యశాఖ, అటవీశాఖ కలిసి కూర్చుని దీని మీద ఒక నిర్ణయం తీసుకోవాలి.

– విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు