అప్పగింతలు సరే, ఆ చూపు చూశావా?

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో 'డీప్ స్పేస్ నైన్' సీరియల్ గురించి నువ్వు "అరగంట చూశాన్రా, ఊరికే పరిచయాలే, నిద్రొచ్చి ఆపేశా" అన్నప్పుడే నీతో గొడవ పెట్టుకోవాల్సింది. ఇక్కడ కుక్కర్ నాలుగో విజిల్ వేస్తోంది, మా ఆవిడ ఊరు వెళ్లింది, నాకు ఫోన్ పెట్టేయక తప్పలేదు. ఆ గొడవే ఇప్పుడు తీరిగ్గా ఉత్తరంలో పెట్టుకుంటున్నాను. టీ పెట్టుకుని చదువు.

అంతరిక్షంలో ఓ స్టేషన్ మీద నడిచే కథ 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్'. దాని మొదటి ఎపిసోడ్ 'ఎమిసరీ' 1993 జనవరిలో వచ్చింది. అప్పటికి తల్లి సీరియల్ 'నెక్స్ట్ జనరేషన్' ఆరో సీజన్లో ఉంది, మంచి ఊపు మీద ఉంది. పిల్ల సీరియల్ మొదలయ్యే రోజు పెద్దవాళ్లు వచ్చి దీవించి వెళ్లడం వాళ్లింట్లో ఆచారం. 1987లో 'నెక్స్ట్ జనరేషన్' మొదలైనప్పుడు పాత సీరియల్ డాక్టర్ మెకాయ్ 137 ఏళ్ల ముసలాయనగా వచ్చి, కొత్త అంతరిక్ష ఓడ కారిడార్లో కాసేపు నడిచి, నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. 1995లో ఇంకో పిల్ల సీరియల్ 'వాయేజర్'లో ఓడ బయల్దేరిందే డీప్ స్పేస్ నైన్ స్టేషన్ నుంచి. అక్కడ బార్ నడిపే క్వార్క్ ఓ కుర్ర ఆఫీసర్‌కి రాళ్లు అంటగట్టబోయాడు కూడా. అచ్చం మన అప్పగింతలే. పిల్ల చెయ్యి పట్టుకుని "మా పిల్ల, జాగ్రత్త" అని చెప్పి కళ్లు తుడుచుకోవడం.

మరి 'ఎమిసరీ'లో అప్పగించడానికి వచ్చింది ఎవరు? సాక్షాత్తూ తల్లి సీరియల్ హీరో కెప్టెన్ పికార్డ్. ఆయన ఎదురుగా కూర్చున్న కొత్త హీరో, స్టేషన్‌కి పెద్దగా వచ్చిన సిస్కో, ఆయన మొహం చూడ్డానికి కూడా ఇష్టపడడు. "మనం ముందెక్కడైనా కలిశామా?" అని పికార్డ్ మర్యాదగా అడుగుతాడు. "కలిశాం, యుద్ధంలో" అంటాడు సిస్కో. తానున్న ఓడ పేరు, యుద్ధం పేరు చెప్తాడు, అంతే. పికార్డ్ మొహంలో రక్తం ఇంకిపోతుంది. ఆ రెండు సెకన్ల కోసం నేను ఆ సీన్‌ని రెండుసార్లు వెనక్కి తిప్పాను.

దీని వెనక ఒక సంగతుంది. 1990లో తల్లి సీరియల్లో బోర్గ్ అనే జాతి పికార్డ్‌ని ఎత్తుకెళ్లి, తమలో ఒకడిగా మార్చి, అతనితోనే సొంత సైన్యం మీద దాడి చేయిస్తుంది. వుల్ఫ్ 359 అనే నక్షత్రం దగ్గర 39 ఓడలు పోయాయి, దాదాపు 11,000 మంది చచ్చిపోయారు. కానీ అప్పుడు మనకి ఆ యుద్ధం చూపించలేదు. మన హీరోల ఓడ చేరేసరికి శిథిలాలు తేలుతుంటాయి, అంతే. తర్వాత పికార్డ్‌ని కాపాడుకున్నారు, మనం హమ్మయ్య అనుకున్నాం. ఆ కథ రాసిన మైకేల్ పిల్లరే మూడేళ్లకి 'ఎమిసరీ' రాశాడు. మొదలుపెట్టడమే ఆ యుద్ధం మధ్యలో, పోయిన ఓడల్లో ఒకదాని లోపల. మనం హమ్మయ్య అనుకున్న మనిషి గొంతే ఆ ఓడ తెర మీద లొంగిపొమ్మంటూ వినిపిస్తుంది. కాసేపటికి సిస్కో పొగలో వెతుక్కుంటూ వెళ్తాడు. కొడుకు బతికే ఉంటాడు. భార్య జెనిఫర్ శిథిలాల కింద ఉంటుంది. ఆమె పోయిందని పక్కవాడు చెప్తున్నా, సాయం పట్టు, బయటికి లాగుదాం అంటాడు. అతన్ని బలవంతంగా లాక్కుపోతారు.

శీనూ, స్పిన్-ఆఫ్ అంటే పక్క పాత్రకి సొంత ఇల్లు కట్టివ్వడమే అనుకుంటారు చాలామంది. ఇక్కడ చేసింది వేరు. పాత కథలో కెమెరా వెళ్లని ఓడలోకి వెళ్లి నిలబడ్డారు. అదే సంఘటన, అదే రచయిత, ఏడ్చేవాళ్లు మాత్రం వేరు. తల్లి సీరియల్ చూడనివాడికీ అర్థమవుతుంది, చూసినవాడికి ఇంకాస్త లోతుగా గుచ్చుకుంటుంది.

ఇక నీ కంప్లయింట్, పరిచయాలు. కొత్త ఆఫీసర్ వస్తాడు, ఒక్కొక్కర్నీ కలుస్తాడు. పాత పద్ధతే, కాదనను. 2006లో 'డాక్టర్ హూ' నుంచి పుట్టిన 'టార్చ్‌వుడ్' కూడా అదే చేసింది. పోలీసు అమ్మాయి పిజ్జా డెలివరీ వంకతో రహస్య స్థావరంలోకి అడుగుపెడుతుంది, ఆమెతోపాటు మనమూ. కానీ 'ఎమిసరీ'లో ఎవరూ తన గురించి తాను చెప్పుకోరు చూడు. స్టేషన్ భద్రత చూసే ఓడో అనేవాడు రూపం మార్చగలడని ఎవరూ లెక్చరివ్వరు. దొంగ విసిరిన గద అతని తల మీదికి వస్తుంది, తల ఒక్క క్షణం నీళ్లలా విచ్చుకుంటుంది, గద అందులోంచి దూసుకుపోతుంది. పరిచయం అయిపోయింది. సిస్కో ఆఫీసు ఎత్తులో ఎందుకుందో ఇంజనీర్ ఓ'బ్రయన్ ఒక్క ముక్కలో చెప్తాడు: అందరూ తలెత్తి చూడాలని. ఇన్నాళ్లూ ఈ స్టేషన్‌ని ఏలి వెళ్లిపోయిన కార్డాసియన్ దొరల గురించి అంతకంటే ఏం కావాలి? సిస్కో కింద పనిచేయాల్సిన స్థానిక ఆఫీసర్ కీరా అయితే తన మొదటి సీన్లోనే ఎవరితోనో తెర మీద అరుస్తూ ఉంటుంది. సిస్కోని చూసి, ఈ ఆఫీసు కావాలి కాబోలు నీకు అన్నట్టు మాట్లాడుతుంది. ముందు పలకరిద్దామనుకున్నా, ఆఫీసు తర్వాత తీసుకుందామనుకున్నా అంటాడతను. ఇంక ఆ డాక్టర్ కుర్రాడు బషీర్! సరిహద్దు అడవుల్లో సాహసం చేయడానికొచ్చానని కీరా ముందే మురిసిపోతాడు. నువ్వు అడవి అంటున్నది మా ఊరు నాయనా అని ఆమె వాయించి వదుల్తుంది. నాకు పొలమారింది.

క్వార్క్‌తో బేరం సీన్ చూశావా, లేక అప్పటికే గుర్రు పెట్టావా? సామాను సర్దుకుని పోదామనుకుంటున్న క్వార్క్‌ని ఆపడానికి సిస్కో అతని తమ్ముడి కొడుకు చేసిన దొంగతనాన్ని వాడుకుంటాడు. నువ్వుంటే కుర్రాడు బయట, పోతే లోపల. స్టార్ ట్రెక్ హీరో బ్లాక్‌మెయిల్ చేయడం! పక్కన ఓడో మొహంలో మెల్లగా విచ్చుకునే నవ్వు చూడు. ఈ సీరియల్లో మంచివాళ్లు ఎలాంటి పనులు చేయబోతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

నీకు బోర్ కొట్టాల్సింది నిజానికి ఆ తర్వాత. కాలం అంటే ఏమిటో తెలియని జీవులకి, నిన్న-నేడు-రేపు అంటే ఏమిటో సిస్కో బేస్‌బాల్ ఆటతో చెప్పే భాగం సాగుతుంది, ఒప్పుకుంటాను. తెల్లటి వెలుగు, గుండె చప్పుడు, తెలిసిన మొహాలు దగ్గరగా వచ్చి అదే ప్రశ్న మళ్లీ మళ్లీ. ఓ పది నిమిషాలు కత్తిరించినా నష్టం లేదు. కానీ వాళ్లు అతన్ని మాటిమాటికీ ఆ కాలుతున్న ఓడలోకే తీసుకెళ్తుంటారు. "నన్నెందుకు ఇక్కడికి తెస్తారు?" అని అరుస్తాడు. మేం తేవడం లేదు, నువ్వే తెస్తున్నావు, నువ్వుండేది ఇక్కడే అంటారు. కాలం ముందుకే పోతుందని అంతసేపూ పాఠం చెప్పిన మనిషి, తను మాత్రం మూడేళ్లుగా ఆ గదిలోనే ఆగిపోయానని అప్పుడు తెలుసుకుంటాడు. మా నాన్న పోయాక ఏడాదిపాటు మా అమ్మ సాయంత్రం ఆరింటికి గేటు వైపు చూసేది, నీకు గుర్తుందిగా. ఆ సీన్ దగ్గర నాకు మా గేటు కనిపించింది.

ఇంకోటి. మిగతా సీరియల్స్‌లో ఓడ వారానికో గ్రహం తిరుగుతుంది. ఇక్కడ స్టేషన్ ఉన్నచోటే ఉంటుంది, తంటాలే దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. అలాంటి స్టేషన్‌ని ఈ మొదటి ఎపిసోడ్లోనే ఆరు థ్రస్టర్లతో (ముందుకు తోసే చిన్న ఇంజన్లు) పదహారు కోట్ల కిలోమీటర్లు జరపాలి. రెండు నెలల ప్రయాణం, చేరాల్సింది రేపటికి. ఎందుకంటే అక్కడ ఆ కాలం తెలియని జీవులుండే వర్మ్‌హోల్, అంటే అంతరిక్షంలో దూరాల్ని కలిపే సొరంగం లాంటి దారి, బయటపడింది, దాని నోటి దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్లదే పెత్తనం. కొత్త హైవే పడుతుందని తెలియగానే జంక్షన్లో టీ కొట్టు వేసేవాళ్ల తొందర గుర్తొచ్చింది నాకు. పాడుబడ్డ స్టేషన్ ఒక్కరోజులో నాలుగు రోడ్ల కూడలి అయిపోయింది. ఇక 7 సీజన్లకి సరిపడా కథలు వాటంతటవే నడిచొస్తాయి.

చివర్లో పికార్డ్ మళ్లీ వస్తాడు. మొదట్లో ఈ ఉద్యోగం వద్దనుకున్న సిస్కోతో, నీ బదులు ఇంకొకర్ని వేయడం గురించి అని ఎత్తబోతే, ఆ మాట మర్చిపోండి అంటాడు సిస్కో. చేతులు కలుపుతారు. క్షమించానని ఒకడు అనడు, క్షమించమని ఇంకొకడు అడగడు. మొదటిసారి కలిసిన సీన్లో వాళ్లిద్దరి మధ్య ఎంత దూరం ఉందో చూసి పెట్టుకుంటేనే ఈ చేతులు కలపడం పని చేస్తుంది. నువ్వేమో ఆ సీన్ దగ్గరే ఆవలించావు.

ఈ ఆదివారం మళ్లీ మొదట్నుంచి పెట్టు. అయిపోయాక ఫోన్ చెయ్యి. పదిన్నర దాటితే మాత్రం మెసేజ్ పెట్టు చాలు, ఆవిడ రేపే వచ్చేస్తోంది.

నీ
రవి