గోధుమలు అప్పుడే మానేయొద్దని ఆపినందుకు

మా పాపకు సీలియాక్ జబ్బు, అంటే గోధుమలు, బార్లీలో ఉండే గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు. గోధుమలు మానేసిన ఆరు నెలలకు చేయించిన పరీక్షల రిపోర్టు మొన్న సోమవారం వచ్చింది. ఈ జబ్బును పట్టే రక్తపరీక్ష టీటీజీ ఐజీఏ 84 నుంచి 31కి దిగింది, హిమోగ్లోబిన్ 8.4 నుంచి 11.6కి పెరిగింది. చూసి బాగా ఏడ్చాను, ఆ వెంటనే ఇది రాయడానికి కూర్చున్నాను. చాలా మందికి విడిగా థాంక్స్ చెప్పాను కానీ, అందరి ముందూ చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు.

పాపకు ఏడేళ్లు. రెండేళ్లుగా స్కూలు యూనిఫాం సైజు మారలేదు. పాలిపోయిన ముఖం, అన్నం తినగానే పొట్ట ఉబ్బరం. ఐరన్ సిరప్ సీసాలు ఎన్ని తాగించామో లెక్కలేదు, రక్తం మాత్రం పట్టలేదు. ముందు చూపించిన చోట నులిపురుగుల మందు ఇచ్చారు, "సరిగ్గా తినడం లేదమ్మా" అన్నారు. థలసీమియా ఏమోనని పరీక్ష చేయిస్తే అది కాదని తేలింది. ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము కాస్త ఎక్కువుందని దానికో టానిక్ రాశారు. ఇవన్నీ వేరువేరు జబ్బులనుకున్నాం. చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటే ఎంత ఐరన్ పోసినా ఒంటికి పట్టదని, లివర్ ఎంజైములు పెరగడానికి కూడా అదే కారణం కావచ్చని మాకు చెప్పింది ఇప్పటి డాక్టరమ్మ గారే. మేడమ్, మీరు మొదటి రోజే టీటీజీతో పాటు టోటల్ ఐజీఏ కూడా రాశారు. ఐజీఏ అంటే రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ, టీటీజీ పరీక్ష చూసేది ఆ రకాన్నే; కొందరు పిల్లల్లో ఆ ఐజీఏనే తక్కువ ఉంటుంది, అలాంటప్పుడు జబ్బు ఉన్నా టీటీజీ నార్మల్‌గా కనిపించొచ్చు అని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. అంత ఓపిగ్గా మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మనం అన్నం తినేవాళ్లం, గోధుమల జబ్బు మనకెందుకొస్తుంది అని ఇంట్లో అందరూ అన్నారు. తీరా చూస్తే పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, స్కూల్ బాక్సులో చపాతీ, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి పాలల్లో బార్లీ ఉన్న మాల్ట్ పొడి. పాప తినేదాంట్లో సగం అదే.

రిపోర్టు ఫోనుకి వచ్చినప్పుడు రాత్రి పదకొండు. టీటీజీ 20 లోపు ఉండాల్సింది 84 ఉంది. చేతులు వణికాయి. గోధుమపిండి డబ్బా, రవ్వ, సేమ్యా అన్నీ తీసి సంచిలో పెట్టేశాను, పొద్దున్నే ఎవరికైనా ఇచ్చేద్దామని. ఆ టైములో విశాఖ నుంచి అక్క ఫోన్ చేశారు. చుట్టం కాదు, నా స్నేహితురాలి ద్వారా తెలిసిన మనిషి, వాళ్ల అబ్బాయికీ ఇదే జబ్బు. "అమ్మా, ఒక్క పూట కూడా మాన్పించకు" అన్నారు. టీటీజీ ఉండాల్సిన దానికి పది రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వస్తే కొందరు పిల్లలకు బయాప్సీ (పేగు నుంచి చిన్న ముక్క తీసి చూడడం) లేకుండానే నిర్ధారిస్తారట, యూరప్ పిల్లల డాక్టర్ల 2020 మార్గదర్శకాల్లో ఆ దారి ఉంది. మా పాపది నాలుగు రెట్లే కాబట్టి ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి గొట్టం వేసి ఆ ముక్క తీయడం తప్పకపోవచ్చు, గోధుమలు ఇప్పుడే మానేస్తే పేగు నయమవడం మొదలై బయాప్సీలో సరిగ్గా తేలదు, మళ్లీ వారాల తరబడి గోధుమలు పెట్టి మొదటికి రావాలి. వాళ్ల అబ్బాయికి అలాగే జరిగిందట. మర్నాడు డాక్టరమ్మ గారూ అదే మాట చెప్పారు.

ఎండోస్కోపీకి 19 రోజుల తర్వాత డేట్ దొరికింది. ఆ 19 రోజులు నేను మర్చిపోలేను. దానివల్లే పొట్ట నొప్పి వస్తోందని తెలిసీ రోజూ చపాతీ తుంచి పాప నోట్లో పెట్టడం తల్లికి ఎంత కష్టమో చెప్పలేను. రోజూ సాయంత్రం అక్క మెసేజ్ పెట్టేవారు, "తిందా? నువ్వు తిన్నావా?" అని. అక్కా, ఆ రెండో ప్రశ్న అప్పట్లో నన్ను అడిగింది మీరొక్కరే.

బయాప్సీలో పేగు లోపలి పొర దెబ్బతిన్నట్టు స్పష్టంగా తేలింది. ఇక ఆ రోజు నుంచీ పూర్తిగా మానేశాం.

ఒక్క గుచ్చుతోనే రక్తం తీసి, తర్వాత పాపకు బుడగ ఊది ఇచ్చిన ల్యాబ్ తమ్ముడికి థాంక్స్. మార్కెట్లో దొరికే చాలా ఇంగువల్లో గోధుమపిండి కలుస్తుందని చెప్పిన డైటీషియన్ గారికి కూడా, ఆ మాట చెప్పకపోతే రోజూ సాంబారులోనే పెట్టేదాన్ని. డెబ్బై ఏళ్ల వయసులో మా అత్తయ్య ఇంగువ మానేసి, పాపకని వేరే పెనం కొని, జొన్నరొట్టె చేతిమీద తట్టి పెడుతోంది. క్లాస్ టీచర్ గారు ఎవరి పుట్టినరోజు కేకు వచ్చినా పాపకివ్వడానికి తన డ్రాయరులో పల్లీపట్టీలు ఉంచుతున్నారు. తోడబుట్టిన వాళ్లకూ పరీక్ష చేయించాలన్నారు కాబట్టి మా బాబుకీ చేయించాం, ప్రస్తుతానికి నార్మల్. కొన్నాళ్లకు మళ్లీ చూడాలన్నారు.

అక్కా, సంక్రాంతికి విశాఖ వస్తున్నాం. అరిసెలు తెస్తున్నాను, పిండి మా ఇంట్లోనే బియ్యం కడిగి ఆరబెట్టి కొట్టించింది, కజ్జికాయలు వేయించని కొత్త నూనెలోనే వండుతాను. మీ అబ్బాయి భయం లేకుండా తినొచ్చు.